‘రిటైర్’ అనే మాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏదైనా సాహిత్య విషయం మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా డ్రాఫ్టులు రాసిన గుమాస్తాను. అయితే డ్రాఫ్టు రాసేవాడికి మాట బరువు తెలుస్తుంది. అందుచేత మనందరి పేర్ల పక్కన చేరిన ఒక ఇంగ్లీషు క్రియను గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. ఆ క్రియ ‘రిటైర్’.

ఇది ఫ్రెంచి భాష నుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలో ‘తిరే’ అంటే లాగడం. ‘రె’ అంటే వెనక్కి. వెనక్కి లాగుకోవడమన్న మాట. మొదట్లో ఇది ఎక్కువగా సైన్యాల విషయంలో వాడిన మాట. ఉద్యోగమో వ్యాపారమో చాలించుకోవడం అన్న అర్థం ఆ తరువాత వచ్చింది. సైన్యం ‘రిటైర్’ అయిందంటే చెల్లాచెదురై పారిపోయిందని కాదు, వరుస తప్పకుండా వెనక్కి జరిగిందని. ఓటమికీ దీనికీ తేడా ఉంది.

షేక్స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకం చివర ప్రాస్పెరో తన మంత్రవిద్యను వదిలిపెట్టి, స్వస్థలమైన మిలాన్‌కు పోతానంటాడు. అక్కడ కవి వాడిన క్రియ ఇదే. ‘నేను రిటైర్ అవుతాను’ అనడు, ‘నన్ను నేను రిటైర్ చేసుకుంటాను’ అనే వ్యాకరణంలో అంటాడు. కర్తా తానే, కర్మా తానే. ఎవరూ పొమ్మనలేదు. ఈ నాటకం 1611లో ఇంగ్లండు రాజుగారి కొలువులో ప్రదర్శింపబడింది. ఈస్టిండియా కంపెనీ వారు మన మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకున్నదీ 1611లోనే.

ఆ కంపెనీ లండను ఆఫీసులోనే చార్లెస్ లాంబ్ అనే గుమాస్తా ఉండేవాడు. 1792లో లెక్కల విభాగంలో చేరి, 1825లో 450 పౌన్ల వార్షిక పెన్షనుతో బయటికి వచ్చాడు. ముప్పై మూడేళ్ళు లెడ్జర్లు రాసిన చేత్తోనే ఇంగ్లీషులో గొప్ప వ్యాసాలు రాశాడు. రిటైరైన కొద్ది వారాలకే తన అనుభవాన్ని, కంపెనీ పేరు మార్చి, ‘సూపరాన్యుయేటెడ్ మాన్’ అనే వ్యాసంగా ప్రకటించాడు. మొదట ఆయనకు తల తిరిగినట్టయింది. ఇంత కాలం ఒక్కసారిగా చేతికి వస్తే ఏం చేసుకోవాలో తోచలేదు. ఆదివారానికీ సోమవారానికీ తేడా పోయింది. పాత ఆఫీసుకు చూడబోతే తన బల్ల మరొకరిదై ఉంది. అన్నదమ్ములారా, మొదటి నెలలో మనలో ఎంతమంది ఆఫీసు వేళకు చొక్కా తొడుక్కుని వీధి గుమ్మందాకా వచ్చి ఆగిపోలేదు!

ఈ క్రియకు మరొక ముఖం ఉంది. ‘రిటైర్ అయ్యాడు’ వేరు, ‘రిటైర్ చేయబడ్డాడు’ వేరు. 1983లో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు నేను చిన్న గుమాస్తాను. నాకు పని నేర్పిన పెద్దల రిలీవింగ్ ఆర్డర్లు నేనే రాసి సంతకానికి పెట్టాను. కూతురి పెళ్ళి పెట్టుకున్న వారొకరు, కొడుకు చదువు సగంలో ఉన్న వారొకరు. వయస్సు తరువాత మళ్ళీ 58 అయింది. 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంకా పెరిగింది. కానీ ఆ రోజు ఆ కాగితం అందుకున్న చేతుల వణుకు నాకింకా గుర్తుంది.

మన తెలుగులో ‘విరమణ’ అన్నాం, ‘విశ్రాంత’ అన్నాం. రెండూ మంచి మాటలే. కాని వీధిలో మాత్రం వీటికి ‘ఖాళీ’ అనే అర్థం స్థిరపడింది. ఆ మధ్య ఒక బ్యాంకులో గంటన్నర నిలబడి, నా కాగితం సంగతేమిటని అడిగితే, ‘మీరు రిటైరయ్యారు కదండీ, తొందరేముంది?’ అన్నాడు కౌంటరు కుర్రవాడు. మోకాళ్ళ నొప్పి కంటె ఆ మాట ఎక్కువ బాధించింది. ఈ రోజు మనం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు లభించే హక్కు అని తీర్పు చెప్పింది గనుక. ఆ హక్కుతో పాటు మర్యాద కూడా మనదే.

చివరగా ఈ క్రియకున్న రెండు వాడుకలు చెప్పి ముగిస్తాను. క్రికెట్లో దెబ్బ తగిలిన బ్యాట్స్‌మన్ ‘రిటైర్డ్ హర్ట్’ అవుతాడు. అతను ఔటైనట్టు కాదు, కోలుకుంటే మళ్ళీ వచ్చి ఆడవచ్చు. రెండవది, ఇంగ్లీషు కోర్టుల్లో వాదనలన్నీ విన్నాక జ్యూరీ లోపలి గదిలోకి ‘రిటైర్’ అవుతుంది. నిద్రపోవడానికి కాదు, విన్నదంతా ఆలోచించుకుని నిర్ణయంతో తిరిగి రావడానికి. నాకు ఈ అర్థం అన్నిటికంటె నచ్చింది.

మనం కూడా ఏళ్ళ తరబడి విన్నాం, చూశాం, రాశాం. ఆ తెలివిడి తీసుకుని తిరిగి రావలసిన పని ఒకటి దగ్గరలోనే ఉంది. మన సభ్యులు కాలం చేస్తే, వారి భార్యలకు పీపీఓ నంబరు తెలియదు, కుటుంబ పెన్షనుకు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియదు. కాగితం పనే మన విద్య. వారానికి ఒక రోజు రెండు గంటలు సంఘం గదిలో ఇద్దరిద్దరం వంతుల వారీగా కూర్చుని ఆ ఫారాలు నింపి పెడదాం. మొదటి వంతు నాకు వేయండి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ పీపీఓ ఎక్కడుందో మీ ఇంటావిడకు, ఉద్యోగం చేసిన సోదరీమణులైతే మీ ఆయనకు చూపించండి.

 ఈ సెలవుకు ఎవరి శాంక్షనూ అక్కర్లేదు గనుక, సెలవు.