ఛాయాచిత్రమున సాక్ష్యము



1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీని విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసెను. మా తండ్రిగారు అప్పటికి బాలురు. ఆ విమానములు సముద్రము వైపునుండి వచ్చినవని చెప్పుచుండెడివారు. వానిని మోసికొని వచ్చినది ర్యూజో యను విమానవాహక నౌక.

నేను ఉపాధ్యాయుడనై యుండగా నొక ఛాయాచిత్రమును పిల్లలకు చూపుచుంటిని. నౌకపై విమానములు బారులు తీరి యున్నవి. క్రింద 'విశాఖపై దాడి చేసిన ఓడ' అని వ్రాసి యున్నది. నేనును అట్లే బోధించితిని. ఉద్యోగము విరమించిన పిదప దానిని తీరికగా పరీక్షించితిని. నా బోధ తప్పని తేలినది.

తాళపత్ర గ్రంథమునకు కాలనిర్ణయము చేయు పండితుడు తుది పత్రముపై వ్రాసిన మాటనే నమ్మి యూరకుండడు, లిపిని పరిశీలించును. ఛాయాచిత్రమును గూడ నట్లే చూడవలెను.

మొదట, చిత్రము కుడియెడమలుగా తిరుగబడలేదు గదా యని చూడవలెను. విమానపు తోకపైనున్న అంకెలు సరిగా చదువవచ్చినచో చిత్రము సరియైనదే.

రెండవది, నౌక. ర్యూజో పైతలము అరుగువలె చదునైనది. దానిపై కట్టడమేదియు లేదు. నౌకను నడుపువారి గది పైతలపు ముందంచు క్రింద నుండెడిది. నా చిత్రములో నన్ననో, ఎడమప్రక్కను గోపురమువంటి కట్టడము కనబడుచున్నది. కావున నది ర్యూజో కాదు. జపాను పెద్ద నౌకలలో నెడమప్రక్క కట్టడము గలవి అకాగి, హిర్యూ అను రెండే.

మూడవది, విమానములు. చక్రములకు తొడుగులుండి, కాళ్లు ముడువరానిది ఐచి బాంబు విమానము. మువ్వురు కూర్చుండుటకు పొడవైన అద్దపు కప్పు గలది నకజిమా విమానము. ఒక్కడే కూర్చుండునది జీరో యుద్ధవిమానము. నా చిత్రములోనివి జీరోలు. వాని మొండెముపై నొక్కొక్క పట్టె కలదు. 1941 డిసెంబరులో హవాయిపై దాడి చేసిన నౌకలలో అకాగి విమానములకు ఎఱ్ఱని పట్టె ఒకటి, హిర్యూ విమానములకు నీలి పట్టెలు రెండు. నలుపు తెలుపు చిత్రములో రంగు తెలియకున్నను లెక్క తెలియును. పొగనుబట్టి నిప్పును ఊహించినట్లు, ఎడమ కట్టడమును, ఒంటి పట్టెను బట్టి అది అకాగి యని నిశ్చయించితిని. ఏప్రిల్ 5వ తేదీని అకాగి విమానములు దాడి చేసినది సింహళములోని కొలంబోపైన; మన తీరముపైన గాదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత శ్రమయేల యందురేమో. ఆ దినమున మన తీరమున ప్రాణములు కోల్పోయినవారున్నారు. వారి మరణమునకు కారణమైన నౌక పేరైనను నిజముగా చెప్పుట మన విధి.

మీ యిండ్లలో పాత చిత్రములుండును. వాని వెనుక తేదీని, స్థలమును, మనుష్యుల పేర్లను మీకు తెలిసినంతవఱకు వ్రాయుడు. తెలియనిచోట ఊహించి వ్రాయక ఖాళీగా విడువుడు. నేను మాత్రము చిరునామా దొరకిన శిష్యులకెల్ల ఉత్తరములు వ్రాయుచున్నాను.