గోవా స్కూబా డైవింగ్: రీల్‌లో ఒకటి, నీళ్లలో ఇంకొకటి

ఈ ఎపిసోడ్ గోవాలో స్కూబా డైవింగ్ గురించి. గోవా వెళ్లేవాళ్ల లిస్టులో ఇది కచ్చితంగా ఉంటుంది కదా. నవంబరులో మేం నలుగురం కజిన్స్ వెళ్లొచ్చాం. జరిగింది జరిగినట్టు చెప్తా. డబ్బులు పోయాయన్న ఏడుపు కాదిది. మీరు అడ్వాన్స్ కట్టేముందు ఏం అడగాలో తెలియాలని.

ముందు ప్యాకేజీ సంగతి. బోటు, లంచ్, వాటర్ స్పోర్ట్స్, స్కూబా, వీడియో అన్నీ కలిపి మనిషికి 2,500 రూపాయలు. "స్కూబా నలభై నిమిషాలు సార్" అన్నారు. చూపించిన ఫొటోల్లో గాజులాంటి నీలం నీళ్లు, రంగురంగుల పగడాలు, తాబేలు. సరే అని వాస్కో వైపున్న గ్రాండ్ ఐలాండ్ దగ్గరికి బోటులో వెళ్లాం. అక్కడ మా వంతు వచ్చేసరికి రెండు గంటలు. ఎండలో కూర్చుని, బోటు ఊగుతుంటే సగం మందికి వాంతులు.

ఆ నలభై నిమిషాల్లో సూట్ వేసుకోవడం, ట్రైనింగ్, ఫొటోలు అన్నీ కలిసే ఉన్నాయి. నేను నీళ్ల కింద ఉన్నది ఎనిమిది నిమిషాలు. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకుని, సామాను జరిపినట్టు జరుపుతున్నాడు. చెయ్యి చాపితే వేళ్లు కనిపించడమే కష్టం. చేపలు రావడానికి బ్రెడ్డు ముక్కలు విదిలించాడు, అవి వచ్చాయి, వీడియో అయిపోయింది. సాయంత్రం వాట్సాప్‌లో వచ్చిన ఆ వీడియోలో సగం నేను కాదు, ఎవరో పచ్చ మాస్కు ఆయన!

నీళ్లు మురికిగా ఉండటం వాళ్ల తప్పు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మాండవి, జువారి నదులు రెండూ ఆ దగ్గరలోనే సముద్రంలో కలుస్తాయి. వానాకాలమంతా ఒండ్రు వచ్చి చేరుతుంది, అలలకు అడుగున ఉన్నది కూడా పైకి లేస్తుంది. అందుకే అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా డైవింగ్ ఆపేస్తారు. తర్వాత కూడా నీళ్లు ఒక్కసారిగా తేటపడవు. మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా? ఎక్కడివో ఫొటోలు చూపించి ఇక్కడి టికెట్ అమ్మడమే నాకు నచ్చలేదు.

ఇక అసలు విషయం. మా చిన్నాన్న కొడుక్కి ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ వాడతాడు. జెట్టీ దగ్గర మెడికల్ ఫారం ఇచ్చారు. ఆస్తమా ఉందా అన్న చోట వాడు 'ఉంది' అని టిక్ పెట్టాడు. అక్కడున్నతను ఏమన్నాడో తెలుసా? "అది కొట్టేసి నో పెట్టు బ్రో, ఏం కాదు" అన్నాడు. మేం ఒప్పుకోలేదు. వాడు బోటులోనే కూర్చున్నాడు, డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

ఇది ఎందుకు అంత సీరియస్ అంటే, పది మీటర్ల లోతులో మన మీద ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు ఉంటుంది. పైకి వస్తున్న కొద్దీ ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోయే దారి ఉండాలి. ఊపిరి బిగబట్టినా, ఆస్తమా వల్ల శ్వాసనాళాలు బిగుసుకున్నా, గాలి లోపలే ఇరుక్కుని ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. లోతు తక్కువేగా అనుకోవద్దు, కొద్ది మీటర్ల నుంచి వచ్చేటప్పుడు కూడా జరగొచ్చు. అందుకే స్కూబాలో మొదటి రూల్: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.

రెండోది చెవులు. కిందికి దిగుతుంటే ముక్కు మూసి, మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి. నొప్పి వస్తే ఆగి, కొంచెం పైకి రావాలి. జలుబు ఉంటే అసలు దిగకూడదు. మా చెల్లి చెవి చూపిస్తూ చెయ్యి ఊపినా అతను కిందికే తీసుకెళ్లాడు. మూడు రోజులు చెవి దిబ్బడ, ఈఎన్‌టీ డాక్టరు చుట్టూ తిరగడం. ఇంకో సంగతి, నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని. బాగుంటే వేళ్లతో సున్నా చుట్టాలి. ఇవి నేర్పడానికి బోటు మోతలో రెండు నిమిషాలు చాలవు.

అందుకే మీరు ఈ ఐదూ అడగండి. నీళ్ల కింద ఎన్ని నిమిషాలు? ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, సర్టిఫికెట్ కార్డు చూపిస్తారా? ఈ రోజు నీళ్లలో ఎన్ని మీటర్లు కనిపిస్తోంది? ఆరోగ్యం వల్ల దిగకపోతే డబ్బు తిరిగిస్తారా? మా ఫ్లైట్ ఎప్పుడో అడుగుతారా? ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. మీ ఫ్లైట్ టైం అడగకుండా స్లాట్ ఇచ్చేవాళ్లని నమ్మకండి.

తేట నీళ్లే కావాలంటే కొంచెం దాచుకుని అండమాన్‌లో హేవ్‌లాక్, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, వెళ్లండి. దగ్గర్లో అంటే కర్ణాటక మురుడేశ్వర్ నుంచి నేత్రాణి ఉంది. మన విశాఖ రుషికొండలోనూ డైవింగ్ ఉంది. ఎక్కడికెళ్లినా ప్రశ్నలు మాత్రం ఇవే. ఎవరైనా ఫారంలో 'నో' పెట్టమంటే, బోటు దిగి వచ్చేయండి. ఆ 2,500 పోతే పోనివ్వండి.