నాయనమ్మ కుండ, బట్టీ డ్రమ్ము
(సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా అంశం 'మన సంప్రదాయ పానీయాలు' అని వేశారు. అంత మర్యాద ఎందుకు, దారు గురించి అని వేస్తే సరిపోయేది. మత్తుకు దూరంగా ఉండమని చెప్పిన సేవాలాల్ మహరాజ్ పుట్టినరోజున ఈ మాటేమిటని ఇందాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని తాండా పేరు చెప్పగానే బయటివాళ్ల నోట వచ్చే రెండో మాట సారా. ఆ మాట మనకు ఎట్లా అంటుకుందో మనం మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

ముందు ఒక పబ్బు సంగతి చెప్తాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి మొన్నామధ్య నన్ను అక్కడే బీరు కాచే ఒక చోటుకు తీసుకెళ్లాడు. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు పీపాలు. పట్టికలో ఒకదాని పేరు 'ఇండియా పేల్ ఏల్'. పేరులో ఇండియా ఉంది, మరి ఇందులో మనదేముంది అని అక్కడి కుర్రాణ్ని అడిగాను. ఓపికగానే చెప్పాడు. అది మన దేశంలో పుట్టింది కాదు. మన దేశంలో ఉన్న ఇంగ్లీషు దొరల కోసం ఇంగ్లండులో కాచింది. 18వ శతాబ్దం చివర లండన్‌లోని బో బ్రూవరీ నుంచి హాడ్జ్‌సన్ అనే ఆయన ఓడల్లో పీపాలు పంపేవాడు. ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ప్రయాణం. చెడిపోకుండా హాప్స్ అనే తీగ పూలు దండిగా వేసేవారు. ఆ పూలే చేదు, ఆ పూలే కాపు. తర్వాత బర్టన్ ఊరి వాళ్లు ఆ వ్యాపారం అందుకున్నారు. ఇప్పుడు అదే మళ్లీ మన పట్టణాలకు వచ్చి గ్లాసు వందల రూపాయలు పలుకుతోంది.

ఆ కుర్రాడు బార్లీ గింజలు అరచేతిలో పోసి చూపించాడు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్లలో ఊరబెడితే గాని లోపలి పిండి తీపి కాదట. ఆ తీపిని ఈస్టు తిని మత్తు చేస్తుందట. ఆ చేతిలో గింజలు చూస్తుంటే నాకు మా నాయనమ్మ అరచెయ్యి గుర్తొచ్చింది. ఆమె చేతిలో ఉండేది ఎండిన ఇప్పపువ్వు.

నేను పుట్టింది వెల్దుర్తి దాటాక నల్లమల అంచున ఒక తాండాలో. ఫాల్గుణం వెళ్లి చైత్రం వచ్చే రోజుల్లో ఇప్ప పూస్తుంది. పువ్వు కోసేది కాదు, రాలితే ఏరుకునేది. తెల్లవారుజామున పాలరంగులో, కండగా, టపటపా రాలుతుంది. ఆడవాళ్లు ముందురోజే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి పెట్టుకునేవాళ్లు. పొద్దెక్కకముందే ఏరాలి, లేకపోతే ఎలుగుబంటి మనకంటే ముందు వస్తుంది. ఇది సరదాకి చెప్తున్నది కాదు, మా తాండాలో ఒకాయనకు చెంపమీద ఆ గుర్తు ఉండేది. తెచ్చిన పువ్వును బండమీద ఆరబోస్తే నాలుగైదు రోజులకు ఎండుద్రాక్షలాగా ముడుచుకుని ఎర్రబడేది. దాన్ని కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేవాళ్లు. కరువు ఏడాదిలో అదే తిండి. ఉడకబెట్టి, జొన్నపిండిలో కలిపి రొట్టె చేస్తే పిల్లలం ఇంకోటి కావాలని ఏడ్చేవాళ్లం.

అందులో ఒక పాలు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. అది ఆషాఢంలో సీత్లా పండక్కి. పండక్కి వారం ముందు ఆ పువ్వును నీళ్లలో నానబెట్టేది. కుండను ప్రతి ఏడూ అదే వాడేది, లోపల గీకి తోమనిచ్చేది కాదు. అడుగున పాత మడ్డి కాస్త మిగలాలి అనేది. ఈస్టు అనే మాట ఆమెకు తెలియదు. పువ్వు మీదా, ఆ మడ్డిలోనూ ఉన్న కంటికి కనపడని ప్రాణమే పులుపు పుట్టిస్తుందని తెలియదు. కాని కుండ కడిగితే పులవదని తెలుసు. బార్లీకి లాగా మొలకెత్తించే శ్రమ దీనికి లేదు. ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరే కాబట్టి నీళ్లు తగిలితే చాలు. రెండో రోజు నుంచి కుండకు చెవి ఆనించి వినేది. లోపల గుసగుసమని చప్పుడు. మమ్మల్నీ పిలిచి వినిపించేది. ఆ చప్పుడు మందగించిన నాడు తెల్లగుడ్డలో వడపోసేది. లేత పసుపు రంగులో, పుల్లగా, కాస్త వగరుగా ఉండేది. బట్టీ పెట్టి కాచింది కాదు, ఉత్త పులిసిన నీళ్లు.

ఆ వగరు తుమ్మ చెక్కది. చిటికెడంత తెల్లతుమ్మ బెరడు దంచి వేసేది. ఇంగ్లీషులో ఆ చెట్టుకు సారా కాచేవాడి తుమ్మ అనే అర్థం వచ్చే పేరే ఉంది. దాని వగరు ద్రవంలోని మురికిని పట్టి అడుక్కు దించుతుంది. దొరకు హాప్స్ పువ్వు ఉన్నట్టే మా నాయనమ్మకు తుమ్మ బెరడు. హైదరాబాదు కుర్రాడికి ఈ సంగతి చెప్తే ఫోనులో రాసుకున్నాడు.

పండగ రోజు తాండా బయట ఏడు రాళ్లు పెట్టి ఏడుగురు అక్కచెల్లెళ్లను కొలిచేవాళ్లం. మొదటి దోసిలి ఆ రాళ్ల ముందు పోయాలి. తర్వాత నాయక్‌కు, ముసలివాళ్లకు, ఆ తర్వాత మిగతావాళ్లకు. తలా ఒక ఆకుదొప్ప. అంతటితో కుండ ఖాళీ. సగాయి కుదిరినప్పుడు బెల్లం తినిపించి దారు పంచుకోవడం ఇంకో సందర్భం. ఇంతకుమించి ఇంట్లో ఉండేది కాదు. అది నాయనమ్మ మంచితనం వల్ల కాదు. పువ్వు అంతే ఉండేది. అమ్మడానికి మిగిలేది కాదు.

మరి ఆ కుండ ఎప్పుడు నేరమైంది? 1886 మద్రాసు అబ్కారీ చట్టంతో కల్లూ సారా సర్కారు ఆదాయపు పద్దులోకి వచ్చాయి. పాట పాడి లైసెన్సు తెచ్చుకున్నవాడు కాస్తే వ్యాపారం, ఇంట్లో ముసలమ్మ కాస్తే నేరం. దొర తాగే పీపా దర్జాగా ఓడ దిగుతున్న ఊళ్లలోనే ఇది జరిగింది. మనకు రాజ్యం వచ్చాక 1968లో మన రాష్ట్రం చేసుకున్న ఎక్సైజు చట్టమూ ఆ దారే పట్టింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఖాకీ బట్టలవాళ్లు తాండాకు వచ్చి నాయనమ్మ కుండను బూటుకాలితో తన్నారు. ఆమె ఏడవలేదు. పెంకులు ఏరి, మడ్డి అంటిన పెంకును కొత్త కుండలో వేసింది. విత్తనం అన్నమాట.

ఆ విత్తనాన్ని చివరికి చంపింది ఆ బూటు కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడు, దిగువ ప్రకాశం నేలలకు కళ వచ్చింది. దాన్ని తప్పు పట్టను, ఆ నీళ్లతోనే నేను చదువుకున్నాను. కాని నల్లరేగడిలో పత్తీ మిరపా వేసినచోట గట్ల మీద చెట్టు నీడ పనికిరాదు. ఇప్పలు, తుమ్మలు పోయాయి. మిగిలిన ఇప్ప అడవి లోపలికి, గార్డు చూపు కిందికి వెళ్లింది. పువ్వు లేని కుండలోకి నల్లబెల్లం వచ్చింది.

పువ్వుకు కాలం ఉంటుంది. బెల్లానికి ఉండదు. అంగట్లో ఏ రోజైనా, ఎంతైనా దొరుకుతుంది. కుండ పోయి ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. చెవి పెట్టి వినే ఓపిక పోయి నవాసారం, యూరియా వచ్చాయి. మిరపచేలో సాయంత్రం కూలి చేతికి రాగానే గట్టుమీదే అమ్మకం. 1980ల్లో సర్కారే వారుణ వాహిని పేరుతో సారా పొట్లాలు ఊరూరికీ పంపింది. 1992లో పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. రెండేళ్లకే 1997లో సడలించారు, అది వేరే కథ. మనం దాచుకోకూడని సంగతి ఇంకోటి ఉంది. ఆడవాళ్లు దుకాణం మూయించిన ఆ రోజుల్లో మన తాండాల్లో బట్టీలు పెరిగాయి. ఇంట్లో ముగ్గురు పిల్లలు, చేలో పని లేదు, డ్రమ్ము పెడితే నాలుగు డబ్బులు. పెట్టినవాళ్లు నాకు చుట్టాలే. వాళ్లను ఇక్కడ నిలబెట్టి తిట్టలేను.

మా తమ్ముడు ఆ సారా తాగే పోయాడు. నలభై నిండలేదు. గుంటూరు ఆసుపత్రిలో కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పడుకున్నప్పుడు, అన్నా ఇది మనవాళ్లు కాచిందే కదా, మనల్ని ఎందుకు చంపుద్దీ అన్నాడు. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇంత ఎందుకు చెప్పానంటే, మన సంఘం పిల్లలు ఒక ఆలోచనతో వచ్చారు. మధ్యప్రదేశ్‌లో ఇప్పసారాకు హెరిటేజ్ మద్యం అని పేరు పెట్టి గిరిజన సంఘాలకే తయారీ అనుమతి ఇచ్చారు కదా, మనమూ అడుగుదాం, సీసా మీద మన అద్దాల పని బొమ్మ వేద్దాం అన్నారు. పిల్లల్ని నేను తప్పుపట్టను. పబ్బులో గ్లాసు ధర చూసినవాడికి ఆ ఊహ రావడం సహజమే. కాని చట్టం మాట ముందు వినండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకం మీదా వాడకం మీదా గ్రామసభకు మాట ఇచ్చింది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. సుగాలీలు, ఎరుకలలు, యానాదులు, నల్లమల చెంచులు ఇందరం ఉన్నా ఆ మాట మనకు దక్కలేదు. ఇంట్లో దేవతకు దోసెడు పోసుకునే హక్కు అడగండి, నేనూ సంతకం పెడతాను. సీసా కోసమైతే పెట్టను. ఏడాదికి ఒక కుండ ఉన్నంతకాలమే అది సీత్లాది. సీసాకు పువ్వు చాలదు, మళ్లీ బెల్లమే వస్తుంది. బెల్లం డ్రమ్మును సంస్కృతి పేరుతో వెనకేసుకొస్తే రేపు మా తమ్ముడి పిల్లల మొహం నేనెట్లా చూడాలి?

అట్లాగని, డ్రమ్ముతోపాటు కుండనూ పూడ్చేయమనే మన చదువుకున్నవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నాయనమ్మ చేసిన పని నేరం కాదు, మురికి కాదు. కుండకు చెవి ఆనించి పులుపు వయసు చెప్పగలిగిన ముసలివాళ్లు మన తాండాల్లో ఇంకా ఎందరున్నారో చూడండి. నాకు తెలిసి బొల్లాపల్లి వైపు ఇద్దరు, దోర్నాల దగ్గర చెంచుగూడెంలో ఒకామె. వాళ్ల దగ్గర కూర్చుని, ఏ నెలలో ఏరారు, ఎంత ఎండబెట్టారు, ఎన్నాళ్లు నానబెట్టారు, ఏ పాట పాడారు, అంతా వాళ్ల గొంతుతోనే ఫోనులో ఎక్కించండి. వచ్చే ఏటి సంచికకు అదే నా వ్యాసం అనుకోండి.

ఇంకో సంగతి చెప్పి దిగిపోతాను. పోయిన ఏడు వానల్లో మా ఇంటి వెనక రెండు ఇప్పమొక్కలు పెట్టాను. పూతకు రావడానికి పదేళ్లయినా పడుతుంది. నా వయసు చూసి మా కోడలు నవ్వింది. బయట బస్తాలో కొన్ని మొక్కలు తెచ్చి పెట్టాను, వెళ్లేటప్పుడు తాండాకు రెండు చొప్పున తీసుకెళ్లండి, గట్టు మీద కాకుండా గుడి దగ్గర నాటితే ఎవరూ కొట్టరు. రామ్ రామ్.