నాగాయలంక: నేలయు, జనమును



కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలై చీలి సముద్రమును జేరుచున్నది. ఆ పాయల నడిమి నేలయే దివిసీమ. దాని దక్షిణభాగమున నాగాయలంక యున్నది. ఒండ్రునేల గావున వరి చక్కఁగాఁ బండును. పల్లపునేల గావున ఉప్పెనకు అడ్డు లేదు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన యీ సీమపైఁ బడి వేలకొలఁది జనమును బలిగొనెను.

1991 జనాభా లెక్కలకై ఆ ప్రాంతమున నేను ఇల్లిల్లు దిరిగితిని. "ఇంట నెందఱు తల్లీ?" యని యొక ముదుసలి నడిగితిని. "ఏడుగురం నాయనా" యనెను. ఇంట నున్నది ఆమె యొక్కతెయే. నేను ఒకటి యని వ్రాసికొంటిని.

ఆ యంకె తప్పు గాదు. కాని ఊరి కథ దానిలో లేదు. పెద్దలారా! మడయడవి అలల వడిని దగ్గించును, దానిని నఱకనీయకుఁడు. నాఁడు నీరెంత యెత్తునకు వచ్చెనో పిల్లలకుఁ జూపి చెప్పుఁడు.