ఫైర్‌వాల్‌కి ఏ ప్రాసెసర్? కోర్లు కాదు, ప్యాకెట్లు లెక్కపెట్టండి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం సైడ్ చిన్న యూనిట్లలో ఐటీ చూసుకునే మనవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. 40 సిస్టమ్స్, సీసీ కెమెరాలు, 1 జీబీపీఎస్ ఫైబర్ లైన్ ఉన్నాయనుకోండి. మధ్యలో పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ పెట్టాలి. సికింద్రాబాద్ సీటీసీకి పోతే, "ఎనిమిది కోర్ల పాత సర్వర్ తీస్కో అన్నా" అనొచ్చు. ఒక్క నిమిషం ఆగండి. డబ్బులు ఓనర్‌వే, కానీ నెట్ ఆగితే ఫోన్ వచ్చేది మీకే.

ముందు లెక్క చూద్దాం. ఫైర్‌వాల్‌కి అసలు బరువు ప్యాకెట్ల సంఖ్య. 1 జీబీపీఎస్‌లో 1,500 బైట్ల పెద్ద ప్యాకెట్లయితే సెకనుకి దాదాపు 81 వేలు. 64 బైట్ల చిన్నవైతే 14.88 లక్షలు! అప్పుడు ఒక్కో ప్యాకెట్‌కి దొరికే టైమ్ 672 నానోసెకన్లు. 10 జీబీపీఎస్‌లో అయితే 67 మాత్రమే.

ఇక్కడే క్యాష్ పని. ప్రతి ప్యాకెట్‌కీ ఫైర్‌వాల్ స్టేట్ టేబుల్‌లో "ఇది పాత కనెక్షనేనా?" అని వెతుకుతుంది. ఆ ఎంట్రీ ఎల్1 క్యాష్‌లో ఉంటే ఒకట్రెండు నానోసెకన్లు. ర్యామ్ దాకా పోతే సుమారు 80 నుంచి 100. అంటే 10 జీబీపీఎస్‌లో ఒక కోర్ ఒక్కసారి ర్యామ్‌కి పోయొస్తే టైమ్ అయిపోయినట్టే. 1 జీబీపీఎస్‌లో నాలుగైదు సార్లు పోయొచ్చినా నడుస్తుంది. పీఎఫ్‌సెన్స్‌లో ఒక్కో స్టేట్ సుమారు 1 కేబీ. 5,000 స్టేట్లంటే 5 ఎంబీ. ఇంటెల్ ఎన్100లో ఎల్3 క్యాష్ 6 ఎంబీ. మన లైన్‌కి చాలు.

మరి కోర్లు? ఒక కనెక్షన్ ప్యాకెట్లు మామూలుగా ఒకే కోర్‌కి వెళ్తాయి. పీపీపీఓఈ లైన్ అయితే చాలా కార్డుల్లో లోపలికొచ్చే ట్రాఫిక్ మొత్తం ఒకే కోర్ మీద పడుతుంది. 8 కోర్లలో ఒకటి 100 శాతం కొట్టుకుంటుంటే సగటు 12 శాతమే చూపిస్తుంది. నెట్ స్లో, ప్రాసెసర్ ఖాళీ అనిపించేది అందుకే. కాబట్టి ఒక్కో కోర్ స్పీడు చూడండి, మానిటర్‌లో కూడా కోర్ల వారీగా చూడండి.

పాత జియాన్ ఈ5-2670లో 20 ఎంబీ క్యాష్ ఉంది, నిజమే. కానీ దాని రేటింగ్ 115 వాట్లు, ఎన్100ది 6. బాక్స్ 100 వాట్లు ఎక్కువ లాగితే 24 గంటల చొప్పున నెలకి 72 యూనిట్ల కరెంటు.

ఫైనల్‌గా: 1 జీబీపీఎస్‌కి ఎన్100, 8 జీబీ ర్యామ్, మంచి ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు, యూపీఎస్. సిటీ ఆఫీసుకి వీపీఎన్ ఉంటే ఏఈఎస్-ఎన్ఐ తప్పనిసరి, అది ఎన్100లో ఉంది. 10 జీబీపీఎస్ కావాలన్నా, సురికాటా లాంటిది నడపాలన్నా అప్పుడు పెద్ద క్యాష్, ఎక్కువ కోర్లకి వెళ్లండి.

మీ దగ్గర పీక్ టైమ్‌లో స్టేట్లు ఎన్ని? చూసి కింద రాయండి. మళ్లీ కలుద్దాం, బై!