వేసవి సెలవులు - మన గ్రంథాలయము

(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. సహకార పరపతి సంఘములో పద్దులు వ్రాసికొని బ్రతుకువాడను. పదవ తరగతితో నా చదువు ఆగినది. తరువాత నేర్చిన కొలదిపాటి సాహిత్యము, ఒక ప్రక్క భారతమును, మరియొక ప్రక్క శబ్దరత్నాకరమును పెట్టుకొని, తెలియని ప్రతి మాటకును నిఘంటువు పుటలు త్రిప్పి నేర్చినదే. ఆ రెండు పుస్తకములును నావి కావు, ఈ గ్రంథాలయమువి. కావున నే నీ సంస్థకు ఋణస్థుడను. ఋణస్థుడైనవాడు పొగడ్తలు చెప్పుటకంటె లెక్క చెప్పుట మేలు. నాకు చేతనైన విద్యయు అదియే.

ఇరువదియైదు సంవత్సరములుగా గ్రంథాలయపు జమాఖర్చులు నా చేతిమీదుగనే నడచుచున్నవి. ఈ ఉత్సవమునకై పాత రిజిస్టర్లన్నియు అటకమీదినుండి దింపి దుమ్ము దులిపితిని. పుస్తకములిచ్చిన వివరముల రిజిస్టరు త్రిప్పుచుండగా ఒక సంగతి నా కంటికి తగిలినది. మొదటి సంవత్సరములలో ప్రతి ఏటను ఏప్రిలు నెల చివర ఒక ఎఱ్ఱసిరా గీత కలదు. దానిక్రింద “వేసవి కారణమున మూసివేయడమైనది” అను మాట. ఆ మాటక్రింద నా సంతకము. అచటినుండి జూను నెల నడుమవరకు తేదీలే గాని పుస్తకములు లేవు.

ఈ లెక్కలోని తప్పును రైతులకు వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. మనది కాలువక్రింది గ్రామము. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. మినుములు, పెసలు ఇల్లు చేరినవి మొదలు ఏరువాక వచ్చువరకు సేద్యగానికి చేతినిండ పని యుండదు. బడులకు సెలవులు. పట్నములనుండి మనుమలు, మనుమరాండ్రు అమ్మమ్మల ఇండ్లకు దిగుదురు. సంవత్సరము మొత్తములో ఊరియందు తీరిక మిక్కుటముగా నున్న కాలము ఇదియే. ఆ కాలముననే మనము తాళము వేసితిమి. గిరాకి యున్నపుడు కొట్టు మూసి, లేనపుడు తెరచు వర్తకుని ఊరివారు ఏమందురు?

ఆనాడు మాకు కారణములు లేకపోలేదు. గ్రంథాలయమునకు పైన రేకులు. మధ్యాహ్నవేళ లోపల కూర్చుండ శక్యము గాదు. పుస్తకములిచ్చు పంతులుగారు సెలవులకు స్వగ్రామము పోవుచుండిరి. పిల్లలు పుస్తకములు చింపుదురేమో యను భయమొకటి. అన్నిటికంటె పెద్ద కారణము నా గుమాస్తా బుద్ధి. బీరువాలోని పుస్తకములు పట్టికతో సరిపోయినచో గ్రంథాలయము చక్కగా నడచుచున్నదని నేను తలచితిని. శియాళి రామామృత రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో మొదటిదే ఈ బుద్ధిని ఖండించినది. గ్రంథములున్నది వాడుకొనుటకే యని దాని తాత్పర్యము. ఆ సంగతి యెరిగియు నేను తాళమునే నమ్మితిని.

ఒక వేసవి మధ్యాహ్నము మా అరుగుమీద కునుకు తీయుచుంటిని. నాలుగవ తరగతి చదువు ఒక ఆడపిల్ల వచ్చి నిలుచున్నది. తల్లి కూలికి పోవును. పిల్ల కాళ్ళకు చెప్పులు లేవు. సెలవులకు ముందు తీసికొన్న కథల పుస్తకము గుండెకు హత్తుకొని యున్నది. “బాబాయిగారూ, ఇది మూడుసార్లు చదివానండి. ఇంకోటి ఇస్తారా?” అని యడిగినది. “బడి తెరిచాక రామ్మా” అంటిని. తాళపుచెవి నా మొలత్రాటిననే యున్నది. గ్రంథాలయము మా ఇంటికి నాలుగిండ్ల అవతల. ఆ పిల్ల కొంతసేపు నిలుచుండి, పుస్తకమును అరుగుమీద పెట్టి వెడలిపోయినది.

జూనులో తలుపులు తెరచితిమి. ఆమె రాలేదు. బడికిని మరల పోలేదని తరువాత తెలిసినది. నా తాళమే అందులకు కారణమని నేననను. బీదరికమునకు కారణములు పెక్కు. కాని నా తాళము కారణము కాదనుటకును నాకు ధైర్యము చాలదు. ఆమె తల్లి కట్టు ఇంటిపన్నుతోపాటు, 1960 నాటి గ్రంథాలయ చట్టమును బట్టి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను చేరును. ఆ ధనము జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవునే గాని చందాలతో నడచు మనకు రాదు. అయినను పుస్తక మడుగవచ్చినవారు భిక్షకు వచ్చినవారు కారని ఆ చట్టము చెప్పక చెప్పుచున్నది. నేను మాత్రము ఆ పసిదానిని వాకిటినుండియే త్రిప్పి పంపితిని.

మరుసటి యేడు ఎఱ్ఱగీత గీయలేదు. ఎండలు ముదిరినవని చలివేంద్రమును మూయువారు గలరా? ఎండలకొఱకే గదా చలివేంద్రము! ఉదయము ఆరున్నర మొదలు తొమ్మిదిన్నర వరకు, సాయంకాలము ఐదు మొదలు ఎనిమిది వరకు తలుపులు తెరచితిమి. వేపచెట్టుక్రింద చాపలు పరచితిమి. ఒక కుండలో మంచినీళ్ళు, రెండు బల్లలనిండ పుస్తకములు. ఇంతకుమించిన ఏర్పాటేదియు చేయలేదు.

చిన్నపిల్లలకు 1947లో పుట్టి, ఇప్పుడు నిలిచిపోయిన చందమామ పాత సంచికలను బైండు చేయించి యిచ్చితిమి. చదువ వచ్చినవాడు రానివానికి చదివి వినిపించవలెనని నియమము. కొంచెము పెద్దవారికి చిలకమర్తివారి గణపతి, మొక్కపాటివారి బారిస్టరు పార్వతీశము. వాటిని చదువుచు వారు నవ్వు నవ్వులకు చెట్టుమీది కాకులు లేచిపోయెడివి. ఆవకాయ పనులలో నుండి కదలలేని ఇల్లాండ్రకు, మంచము దిగలేని ముసలివారికి, పిల్లలే సంచిలో పుస్తకములు పెట్టుకొని ఇంటికి తీసికొనిపోయి యిచ్చుచుండిరి. రాత్రి దీపము పెట్టిన పిమ్మట భాగవతమో, వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రయో ఒకరు చదువగా పదిమంది వినెడివారు.

ఒక ముచ్చట చెప్పెదను. మన ఊరి పెద్దరైతు ఒకరికి చూపు మందగించినది. పట్నమునుండి వచ్చిన మనుమనికి ఇంగ్లీషు చదువే గాని తెలుగు అక్షరములు కూడబలుకుకొనుటయే కష్టము. తాతకు విన వలెనని కోరిక. మనుమనికి చదువ రాదు. వానిని తాత ప్రక్కనే కూర్చుండబెట్టి పెద్దబాలశిక్ష చేతికిచ్చితిమి. వాడొక మాట తప్పుగా చదువును. తాత వినికిడి చేతనే దిద్దును. సెలవులు ముగియునాటికి ఆ పిల్లవాడు తాతకు దినపత్రిక చదివి వినిపించి బస్సెక్కినాడు. తాతకు కన్నులు వచ్చినవి, మనుమనికి భాష వచ్చినది. పుస్తకము ఏ వయసువారికని నన్నడిగినచో ఆ యిద్దరిని చూపెదను.

ఇది మనము క్రొత్తగా కనిపెట్టిన దేమియు గాదు. ఆంధ్రదేశమున గ్రంథాలయముల ప్రతినిధులు మొట్టమొదట సభ తీరినది 1914 ఏప్రిలు 10వ తేదీన, బెజవాడ ఎండలలోనే. దానికి పూనుకొన్నవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆయనకు చిన్ననాటినుండియు చూపు తక్కువ. ఇతరుల కంఠములనుండి గ్రంథములు వినిన మహనీయుడు ఆ పీఠమున కూర్చుండుట నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును. 1935లో పెదపాలెమునుండి పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి కాలువ వెంబడి గ్రామములకు పంపిరి. పాఠకుడు రానిచో పుస్తకమే పోవలెనని ఆ పడవ నేర్పిన పాఠము. మన కాలువలో వేసవికి నీరుండదు. మన పిల్లల కాళ్ళకు మాత్రము అలుపుండదు.

ఇక అసలు లెక్కకు వచ్చెదను. నిరుడు వేసవిలో నా కంటికి శస్త్రచికిత్స జరిగినది. తాళము తీయువారు లేరు. ఇన్నేండ్ల తరువాత రిజిస్టరులో మరల ఎఱ్ఱగీత పడినది. కట్టు విప్పిన తరువాత నేను మొదట చూచిన వ్రాత అదియే. ఒకని కంటి జబ్బుతో ఊరి చదువు ఆగిపోయినచో, ఇన్నాళ్ళు నడచినది గ్రంథాలయము గాదు, ఒక మనిషి ఓపిక మాత్రమే.

ఈ ఉత్సవమునకు మీరిచ్చిన విరాళములలో ఖర్చులు పోగా కొంత మిగులు కలదు. దానితో వాకిట పాలరాతి తోరణము కట్టించి, దాతల పేర్లు చెక్కింప వలెనని కార్యవర్గములో ఒక ప్రతిపాదన వచ్చినది. అందు నా పేరును కలదు. నాకు పేరుమీద ఆశ లేదని అబద్ధమాడను. అయినను మీ యెదుట నా మనవి యిది. ఆ సొమ్మును బ్యాంకులో వేయుదము. అసలు కదలింపకుండ వచ్చు వడ్డీతో ప్రతి వేసవికిని మన ఊరిలో చదువుకొన్న ఒక యువకునికో, యువతికో ఏడు వారముల గౌరవ వేతన మిత్తము. మిగిలినదానితో తాటాకు పందిరి వేయింతము. చాలకున్నచో ఆ లోటును ఏటేట చందాలతో పూడ్చుదము. లెక్క నేను వ్రాసి చూచితిని, కష్టపడినచో సరిపోవును.

తోరణము క్రింద మనుష్యులు నడచిపోవుదురు; పందిరి క్రింద కూర్చుందురు. ఏది కావలెనో పెద్దలు నిర్ణయింతురు గాక. తోరణమే కావలెనన్నచో ఆ ఖర్చును నేనే పద్దు వ్రాసెదను, మారు మాటాడను. కాని చెప్పులులేని కాళ్ళతో మరియొక పిల్ల మండుటెండలో మన వాకిటికి వచ్చినపుడు, ఆమెకు పాలరాతిమీది మన పేర్లు చదివించి పంపుదుమా?

రిజిస్టరులో వచ్చు ఏప్రిలు నెల పుట ఇంకను తెల్లగనే యున్నది. ఎఱ్ఱసిరా బుడ్డిని నేడే పారవేయుదము.