ఛాతీ కొలత, ఓటరు తీర్పు

 

నేను రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని. తరగతిలో పిల్లలు నన్ను తరచూ అడిగిన ప్రశ్ననే మీరు పట్టాలు అందుకుంటున్న ఈ సభకు ఎంచుకున్నాను. "సార్, ఎమ్మెల్యే కావాలన్నా, ఎంపీ కావాలన్నా ముందు సైన్యంలో కొన్నేళ్లు పనిచేసి రావాలని చట్టం చేస్తే దేశం బాగుపడదా?"

మనం కూర్చున్న ఈ బౌరంపేటలో ఈ ప్రశ్న పుట్టడం సహజం. పక్కనే దుండిగల్‌లో 1971 నుంచి వైమానిక దళ అకాడమీ ఉంది. మీరు తరగతిలో లెక్కలు చేస్తున్నప్పుడు మీ ఈడువాళ్లే పైన శిక్షణ విమానాలు నడుపుతుంటారు. 2023 డిసెంబరు 4న ఇక్కణ్నుంచి ఎగిరిన పిలాటస్ విమానం తూప్రాన్ దగ్గర కూలిపోయి, నేర్పే అధికారి, నేర్చుకునే యువకుడు ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. అంతకు మూడేళ్ల ముందు, 2020 జూన్‌లో, గల్వాన్ లోయలో మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు నేలకొరిగారు. ఇవన్నీ చూసిన పిల్లలకు ఎన్నికల వేదిక మీది నాయకుడి కన్నా యూనిఫాం మీదే నమ్మకం ఎక్కువ కలిగితే నేను తప్పుపట్టను. యుద్ధానికి పంపే అధికారం ఉన్నవాడికి యుద్ధమంటే ఏమిటో తెలియాలన్న మాటలో న్యాయముంది.

అయినా ఆ చట్టం రాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను.

మన రాజ్యాంగం 84, 173 అధికరణల్లో చట్టసభ సభ్యుడికి అడిగేది చాలా తక్కువ. పౌరసత్వం, ప్రమాణం, వయసు. లోక్‌సభకూ శాసనసభకూ 25 ఏళ్లు నిండితే చాలు. సైన్యం విషయంలో మన పద్ధతి మీరు అడిగినదానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంది. ఉద్యోగంలో ఉన్న సైనికుడు పోటీ చేయలేడు, పార్టీ సభలకు వెళ్లలేడు. కొలువు విడిచాకే ప్రజల ముందుకు రావాలి.

ఇప్పుడు దీన్ని తిరగేశామనుకోండి. అభ్యర్థిని మొదట ఎంపిక చేసేది ఓటరు కాదు, సైనిక నియామక బోర్డు. ఎత్తు, ఛాతీ, కంటిచూపు, పరుగు పందెం. ఆ కొలతలు సైన్యానికి అవసరమే. శాసనసభ గుమ్మంలో అవే కొలతలు పెడితే మనం ఎవరిని పోగొట్టుకునేవాళ్లమో చూడండి. సూదిని జైపాల్ రెడ్డి గారికి పసితనంలోనే పోలియో వచ్చింది. ఊతకర్రల మీద నడిచారు. కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు శాసనసభకు, తర్వాత ఐదుసార్లు లోక్‌సభకు గెలిచారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ గౌరవం పొందారు. ఎమర్జెన్సీని సొంత పార్టీలోనే ఉండి వ్యతిరేకించిన మనిషి. ఏ నియామక ర్యాలీ ఆయన్ని లోపలికి రానిచ్చేది?

ఆడపిల్లల సంగతి ఇంకా స్పష్టం. వైద్య, నర్సింగ్ విభాగాలు మినహా సైన్యం స్త్రీలను అధికారులుగా తీసుకోవడం మొదలుపెట్టింది 1992లో. యుద్ధ విమానాలు నడిపే మొదటి ముగ్గురు మహిళలు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఈ దుండిగల్ మైదానంలోనే 2016 జూన్ 18న అధికారులయ్యారు. ఆ రోజు గర్వపడని తెలుగువాళ్లు ఉండరు. కానీ ఆ తలుపు తెరుచుకోవడానికి స్వాతంత్ర్యం తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ చట్టమే ఉండి ఉంటే కనీసం 1992 దాకా సగం దేశం దాదాపుగా చట్టసభల బయటే నిలబడేదన్నమాట.

మనకు మరో చేదు జ్ఞాపకం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ సేనాధిపతులు కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయని సిద్ధాంతం కట్టి, మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ల సంఖ్యను తగ్గించుకుంటూ పోయారు. అంబేడ్కర్ గారి తండ్రి సైన్యంలో పనిచేశారు. ఆ తర్వాత ఆయన కులంవాళ్లకే ఆ దారి మూసేశారు. ఎవరు సైనికుడు కాగలరన్నది ఏ కాలంలోనైనా అధికారంలో ఉన్నవాళ్ల అభిప్రాయాన్ని బట్టి మారుతుంది. అలాంటి అభిప్రాయానికి ప్రజాస్వామ్యపు తాళంచెవి ఇవ్వకూడదు.

ఇక మన హైదరాబాద్ కథ. ఇది మీ పాఠ్యపుస్తకాల్లో రెండు పేరాల్లో ముగిసిపోతుంది, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను. నిజాం సంస్థానం మీద 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలటరీ గవర్నరయ్యారు. 1949 చివరిదాకా ఈ నేలను సైన్యాధికారే పాలించాడు. ఆయన చేసిన మంచిని దాచను. జాగీర్దారీ రద్దయింది ఆ కాలంలోనే, 1949 ఆగస్టులో. నిజాం సొంత ఆస్తిగా ఉన్న సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వంలో కలిసిందీ అదే ఏడాది. ఎన్నికలు లేకుండానే ఇంత జరిగింది కదా అని మీరు అనవచ్చు. కానీ అదే కాలంలో, ఆ సైనిక చర్య వెంబడి జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. తెలంగాణ పల్లెల్లో సాయుధ రైతుల వేట సాగింది. వీటి గురించి నిలదీయడానికి ఒక శాసనసభ లేదు, లేచి నిలబడే ప్రతిపక్ష సభ్యుడు లేడు. మంచి చేసినా చెడు చేసినా ఆ పాలకుడు జవాబు చెప్పాల్సింది ఢిల్లీకి, మనకు కాదు.

తర్వాత వచ్చిన మార్పే ఈ కథలో అసలు గొప్పదనం. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు నడిపిన రైతుల సాయుధ పోరాటం ఆగింది. కొద్ది నెలలకే ఎన్నికలు. ఏ సైన్యమైతే కమ్యూనిస్టులను అడవుల్లో వెంటాడిందో, ఆ సైన్యం వేటాడిన ఉద్యమ నాయకులే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరున ఓట్లడిగారు. రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. పోరాటంలో తుపాకి పట్టిన ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరు నుంచి శాసనసభలో అడుగుపెట్టారు. సైన్యం ఆ తీర్పును అడ్డుకోలేదు. బూర్గుల రామకృష్ణారావు గారి ప్రభుత్వం ఏర్పడింది, తగవులు సభలోనే వాదనలుగా సాగాయి. సైనిక సేవ తప్పనిసరి అనే చట్టం ఆనాడు ఉండి ఉంటే నారాయణరెడ్డి గారు, కమలాదేవి గారు, బూర్గుల గారు ముగ్గురూ నామినేషన్ పత్రం కూడా నింపలేకపోయేవారు.

సైన్యానికి కూడా ఈ చట్టం మేలు చేయదు. అగ్నిపథ్‌లో చేరినవాళ్ల సేవ నాలుగేళ్లు. వాళ్లలో పాతిక శాతం వరకే ఆ తర్వాత కొనసాగుతారు. ఆ పథకం మీద నిరసనల్లో 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎగిసిన మంటలు గుర్తున్నాయా? ఆ విధ్వంసాన్ని నేను సమర్థించను. కానీ నిరసనకు దిగిన ఆ పిల్లలకు సైన్యం బతుకుదెరువు, కుటుంబానికి నిలకడైన జీతం. రేపు రాజకీయానికి సైన్యమే మెట్టు అయితే, వారసత్వం ఉన్నవాళ్ల కొడుకులు అదే వరుసలో నిలబడి ఈ పేదపిల్లల చోటును కూడా ఆక్రమిస్తారు. బ్యారక్‌లోకి టికెట్ల లెక్కలు వస్తాయి. తన కింద పనిచేసే జవాను రేపటి మంత్రి కావచ్చని తెలిసిన అధికారి ఎలా ఆజ్ఞాపిస్తాడు?

పౌరులు సైన్యానికి నాయకత్వం వహించలేరన్నది కూడా నిలబడే మాట కాదు. 1971 యుద్ధంలో రక్షణ మంత్రి జగ్జీవన్ రామ్ ఎన్నడూ సైనికుడు కాదు. అదే కాలంలో సైన్యాధికారులు పదేపదే గద్దెనెక్కిన పొరుగు దేశం ఏమైందో మీకు తెలుసు.

సైన్యం నుంచి వచ్చినవాళ్లు రాజకీయాల్లోకి రావద్దని నేననడం లేదు, రావాలి. ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపారు. యూనిఫాం విడిచాక 1999లో కోదాడ ఓటర్లను అడిగి గెలిచారు, ఇవాళ రాష్ట్ర మంత్రి. ఆయన పైలట్ జీవితానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చింది ఓటర్లు. అదే సరైన వరుస.

యుద్ధపు బరువు నాయకులకు తెలియాలన్న మీ కోరికకు దారి వేరే ఉంది. మీ ఎంపీ రక్షణ పద్దుల మీద సభలో ఏం అడిగాడో చదవండి. మాజీ సైనికుల పింఛన్ల గురించి, అమరుల కుటుంబాలకు ఇచ్చిన హామీల గురించి ప్రచారానికి వచ్చినవాణ్ని నిలబెట్టి అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి.

మీలో ఏఎఫ్‌క్యాట్, సీడీఎస్ పరీక్షలకు చదువుతున్నవాళ్లున్నారని విన్నాను. మీరు ఎంపికైతే సర్వీసు ఓటరుగా నమోదు చేయించుకోండి. సరిహద్దు నుంచి కూడా పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేయవచ్చు. మిగిలినవాళ్లలో చాలామందికి 21 నిండాయి. సర్పంచి పదవికి, వార్డు కౌన్సిలర్ పదవికి ఆ వయసు చాలు. ఈ బౌరంపేట 2018 దాకా గ్రామ పంచాయతీయే, తర్వాత దుండిగల్ మున్సిపాలిటీలో కలిసింది. ఇక్కడి మురుగు కాలువలు, చెరువు శిఖం భూములు, కొత్త లేఅవుట్ల రోడ్ల గురించి మీకు తెలిసినంత బయటివాళ్లకు తెలియదు. ఓటరు జాబితాలో పేరు లేనివాళ్లు ఈ వారంలోనే ఫారం-6 నింపండి. పోటీ చేయాలనే ఆలోచన ఉన్నవాళ్లు సభ ముగిశాక నా దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.